గిప్సీకి పెద్ద ఇంజిన్ ఎక్కించాలా? ముందు గేర్ల లెక్క చూడాలి

పాత గిప్సీ కొన్న కొత్తలో చాలామంది నోట వినిపించే మాట "పుల్లింగ్ లేదు". ఘాట్ రోడ్డు మీద మూడో గేర్లోంచి రెండుకి దిగాల్సి వచ్చిందని ఒకరు, చెరువు గట్టు ఎక్కుతుంటే సగంలో ఆగిపోయిందని ఇంకొకరు, హైవే మీద లారీని దాటేంత దమ్ము లేదని మరొకరు అంటారు. బండిని షెడ్డుకి తీసుకెళ్తే అక్కడ వినిపించే మాట ఇంకోలా ఉంటుంది: "బెలెనో ఇంజిన్ ఎక్కించేద్దాం, ఎగిరిపోద్ది." ఎవరో స్విఫ్ట్ డీజిల్ ఇంజిన్ పెట్టించుకుని కొండలెక్కిస్తున్న వీడియో అప్పటికే ఫోన్లో ఉంటుంది. ఇక ఆగడం కష్టం.

కానీ ఆ మూడు ఫిర్యాదులూ మూడు వేరువేరు రోగాలు. అందులో ఇంజిన్ రోగం అనదగ్గది హైవే మీది ఒక్కటే. ఘాట్ మీది ఫిర్యాదు చాలాసార్లు బండి బరువుదో, టైరు సైజుదో, పాతబడ్డ ఇంజిన్‌కు చేయించని రిపేరుదో అయి ఉంటుంది. చెరువు గట్టు దగ్గర ఆగిపోవడం గేరుకీ పట్టుకీ డ్రైవరుకీ సంబంధించిన సంగతి. అక్కడ పెద్ద ఇంజిన్ చేసే మేలు కన్నా కీడే ఎక్కువ.

మారుతి గిప్సీ 1985 డిసెంబరులో వచ్చింది. అప్పటి ఇంజిన్ 970 సీసీ, 45 హార్స్‌పవర్. 1996లో గిప్సీ కింగ్ పేరుతో 1298 సీసీ ఇంజిన్ వేశారు, 60 హార్స్‌పవర్. 2000లో కార్బురేటర్ తీసేసి ఎంపీఎఫ్ఐ (కంప్యూటర్ లెక్కతో పెట్రోలు చిమ్మే ఏర్పాటు) పెట్టాక అదే 1.3 లీటర్ల ఇంజిన్ 80 హార్స్‌పవర్, 103 న్యూటన్ మీటర్ల టార్క్ (తిప్పే బలం) ఇచ్చింది. కిందంతా గట్టి ఇనుప ఛాసిస్, నాలుగు మూలలా పట్టీల స్ప్రింగులు, మొత్తం కలిపి టన్ను అటూ ఇటూ బరువు. ఇదే కుటుంబానికి చెందిన పొట్టి బండిని సుజుకి అమెరికాలో సామురాయ్ పేరుతో అమ్మింది. గిప్సీ వీల్‌బేస్ 2375 మిల్లీమీటర్లు, సామురాయ్‌ది 2030. అమెరికాలో ఔత్సాహికులు దశాబ్దాలుగా సామురాయ్ మీద ఎన్నో ప్రయోగాలు చేశారు కాబట్టి దాని గేర్ల లెక్కలు అందరికీ తెలిసినవే. గిప్సీ నిష్పత్తులు ఏడాదిని బట్టి, మోడల్ని బట్టి కొంత మారతాయి. అందుకే ఇక్కడ లెక్కకు సామురాయ్ అంకెలే తీసుకుందాం.

సామురాయ్‌లో మొదటి గేరు 3.652. బలాన్ని ముందు, వెనక చక్రాలకు పంచే ట్రాన్స్‌ఫర్ కేసులో లో రేంజ్, అంటే అదనపు కింది గేరు, 2.268. యాక్సిల్ హౌసింగ్‌లోని క్రౌన్ పినియన్ 3.727. ఈ మూడూ గుణిస్తే దాదాపు 31. అంటే ఫోర్ ఎల్‌లో (నాలుగు చక్రాలకూ బలం, లో రేంజ్) మొదటి గేరు వేస్తే ఇంజిన్ 31 చుట్లు తిరిగినప్పుడు చక్రం ఒక్క చుట్టు తిరుగుతుంది. వేగం 31 రెట్లు తగ్గి, తిప్పే బలం 31 రెట్లు పెరుగుతుంది.

ఇంజిన్ 100 న్యూటన్ మీటర్లు ఇస్తోందనుకుందాం. చక్రాల దగ్గరికి వచ్చేసరికి అది 3,100 దాకా అవుతుంది. టైరు వ్యాసార్ధం 33 సెంటీమీటర్లు. ఆ లెక్కన నేల మీద తోపుడు బలం 950 కిలోల దాకా వస్తుంది. గేర్లలో, జాయింట్లలో ఆరేడో వంతు పోయిందనుకున్నా 800 కిలోలు మిగులుతుంది. డ్రైవరు, సామాను కలిపి బండి బరువు 1,100 కిలోలు వేసుకుందాం. 30 డిగ్రీల వాలు అంటే కారులో కూర్చుని చూసేవాడికి ముందు ఆకాశం తప్ప ఇంకేమీ కనపడదు. అలాంటి వాలు మీద ఈ బండిని పైకి లాగడానికి కావలసింది 550 కిలోల బలం. 80 హార్స్‌పవర్ కాదు, 60 హార్స్‌పవర్ బండికి కూడా లో రేంజ్‌లో ఆ బలం ఉంది. ఇంకా మిగులుతుంది కూడా.

ఇప్పుడు నేల సంగతి. గులకరాళ్లు, వదులు మట్టి మీద టైరు పట్టు బండి బరువులో సగం నుంచి అరవై శాతం. తడి బురదలో అది నలభైకి, ఇంకా కిందికి పోతుంది. 1,100 కిలోల బండికి అరవై శాతం పట్టు ఉన్నా, 30 డిగ్రీల వాలు మీద నేల మోయగలిగేది 570 కిలోలు. ఇంజిన్ 800 ఇస్తుంటే నేల 570 దగ్గరే చేతులెత్తేస్తుంది. ఆ పైన ఎంత బలం వచ్చినా చక్రం గిర్రున తిరగడానికే ఖర్చవుతుంది. గట్టు సగంలో ఆగిన గిప్సీని పక్కనుంచి చూస్తే ఇంజిన్ రొప్పుతూ ఆగిందా, చక్రం మట్టి ఎగజిమ్ముతూ ఆగిందా అన్నది తెలిసిపోతుంది. చాలాసార్లు రెండోదే జరుగుతుంది.

గిప్సీలో ముందూ వెనకా ఉన్నవి బలాన్ని కుడి, ఎడమ చక్రాలకు పంచే మామూలు ఓపెన్ డిఫరెన్షియళ్లు. రెండు చక్రాల్లో ఏది తేలిగ్గా తిరిగితే బలమంతా దాని వెంటే పోతుంది. గుంతలో ఎదురుమూలల్లో రెండు చక్రాలు గాల్లో తేలితే నేల మీద ఉన్న మిగతా రెండింటికీ దక్కే బలం దాదాపు సున్నా. ఆ స్థితిలో 80 ఉన్నా 180 ఉన్నా గాల్లో చక్రం తిరిగే వేగమే మారుతుంది. అసలు ప్రమాదం ఆ తర్వాత ఉంది. అలా జోరుగా తిరుగుతున్న చక్రం ఒక్కసారిగా రాయి అంచుకో గట్టి నేలకో తగిలి పట్టు దొరికిందంటే, ఆ దెబ్బంతా యాక్సిల్ షాఫ్టు మీదో ముందు చక్రాల జాయింటు మీదో పడుతుంది. ఆఫ్‌రోడ్ ట్రయల్స్‌లో యాక్సిళ్లు విరిగేది ఎక్కువగా ఇలాంటప్పుడే. బలమైన ఇంజిన్, తొందరపడే కుడికాలు, చిన్న యాక్సిల్ మూడూ ఒకచోట కలిస్తే బండి ఇంటికి తిరిగొచ్చేది ట్రాక్టరు వెనకే.

గిప్సీ కుటుంబంలోనే కొత్త బండి అయిన జిమ్నీని సుజుకి ఎలా తయారు చేసిందో చూస్తే ఈ విషయం ఇంకా బాగా అర్థమవుతుంది. మన దేశంలో 2023 జూన్‌లో అమ్మకానికొచ్చిన జిమ్నీలో 1.5 లీటర్ల పెట్రోలు ఇంజిన్, 105 హార్స్‌పవర్, 134 న్యూటన్ మీటర్లు. గిప్సీ కన్నా ఎక్కువే, కానీ బండి బరువూ పెరిగింది కాబట్టి తేడా అంత పెద్దది కాదు. మాన్యువల్ గేరు బండిలో మొదటి గేరు 4.425, లో రేంజ్ 2.002, క్రౌన్ పినియన్ 4.090, గుణిస్తే 36. అంటే గేర్లను ఇంకాస్త కిందికి దించారు. దానికి తోడు గాల్లో తిరిగే చక్రానికి దానంతట అదే బ్రేకు పట్టి బలాన్ని అవతలి చక్రానికి మళ్లించే ఏర్పాటు పెట్టారు. కొండలెక్కే పనికి కంపెనీ ఖర్చు పెట్టింది పట్టు మీద. హార్స్‌పవర్ పెంచింది హైవే కోసం.

మరి ఇంజిన్ ఆగిపోయే సందర్భాలు లేవా? ఉన్నాయి. ఎంపీఎఫ్ఐ గిప్సీ 103 న్యూటన్ మీటర్లు ఇచ్చేది 4,500 ఆర్‌పీఎం దగ్గర. రాళ్ల మీద అడుగులో అడుగు వేసుకుంటూ పోయేటప్పుడు ఇంజిన్ 1,000, 1,500 దగ్గర తిరుగుతుంది, అక్కడ దానికి అంత సత్తువ ఉండదు. కొత్తవాడు యాక్సిలరేటర్ కొంచెం వదిలితే ఆగిపోతుంది, కొంచెం నొక్కితే దూకుతుంది. ఈ బాధకి రెండు మందులున్నాయి. పెద్ద ఇంజిన్ ఒకటి, ఇంకా కింది గేరు రెండోది. రెంటినీ పక్కపక్కన పెట్టి చూడాలి.

షెడ్డులో చెప్పే బెలెనో ఇంజిన్, అంటే పాత బెలెనో సెడాన్‌లోని 1.6 లీటర్ల ఇంజిన్, టార్క్ సుమారు 130. గిప్సీ 103తో పోలిస్తే 26 శాతం ఎక్కువ. ట్రాన్స్‌ఫర్ కేసులోని లో గేరును 2.268 నుంచి 4.16కి మార్చే పళ్ల సెట్టు సామురాయ్ వాళ్లకి ఎప్పటినుంచో దొరుకుతోంది. అది ఫోర్ ఎల్‌లో చక్రాల దగ్గర బలాన్ని 83 శాతం పెంచుతుంది. మొత్తం నిష్పత్తి 31 నుంచి 57కి వెళ్తుంది. 1,000 ఆర్‌పీఎం దగ్గర బండి గంటకు 4 కిలోమీటర్లు నడిచేది కాస్తా 2.2కి తగ్గుతుంది. పక్కన మనిషి నడుస్తూ దారి చూపిస్తుంటే ఆ మనిషిని దాటిపోదు. రాళ్ల మీద కావలసిన గుణం ఇదే. ఇంజిన్ మార్పు దీన్ని ఇవ్వలేదు. దిగేటప్పుడు తేడా ఇంకా స్పష్టంగా తెలుస్తుంది. నిటారు దారిలో బ్రేకు నొక్కకుండా బండిని పట్టి ఉంచేది కింది గేరే. హార్స్‌పవర్ పెరిగినంత మాత్రాన దిగడం సులువవదు.

దీన్నిబట్టి కొత్తవాడు ముందు పళ్ల సెట్టు కొనాలనీ కాదు. గేరు మార్చడం కూడా బండి తయారీలో లేని మార్పే, పైగా ట్రాన్స్‌ఫర్ కేసు విప్పి బిగించడం తెలిసిన చేయి అన్ని ఊళ్లలో దొరకదు. ఉన్న లో రేంజ్‌ని ఎంతమంది సరిగ్గా వాడుతున్నారన్నది అసలు ప్రశ్న. బండి కొని ఏడాదైనా లో రేంజ్ వేసే రెండో లివర్ ముట్టుకోనివాళ్లు కనిపిస్తారు. ముట్టుకున్నవాళ్లలో కొందరు రాళ్లకీ ఇసుకకీ ఒకే గేరు వేస్తారు. రాళ్ల మీద లో ఒకటి, బురదలో లో రెండు, లోతు ఇసుకలో ఇంకో గేరు పైకి, జోరు పోకుండా. ఈ మాత్రం తెలుసుకోవడానికి పైసా ఖర్చు లేదు.

బొర్రా గుహల దగ్గర్నుంచి కటికి జలపాతం వైపు జనాన్ని ఎక్కించుకుని పోయే జీపులు చూసినవాళ్లకి ఇది వేరే చెప్పక్కర్లేదు. రాళ్లు తేలిన ఎర్రమట్టి దారిలో నిండా మనుషులతో ఆ పాత బళ్లు నింపాదిగా ఎక్కుతాయి. డ్రైవర్లు గేరు ముందే వేసి పెట్టుకుంటారు, సగంలో మార్చరు, చక్రం ఏ రాయి మీదుగా పోవాలో చూసి స్టీరింగు తిప్పుతారు. వాళ్లెవరూ హార్స్‌పవర్ గురించి మాట్లాడరు.

టైరు తినేసిన బలం

గిప్సీ కొన్నాక ఇంజిన్ ఆలోచన కన్నా ముందు వచ్చేది టైర్ల ఆలోచన. 205/70 ఆర్15 టైరు ఎత్తు 668 మిల్లీమీటర్లు. దాని స్థానంలో 235/75 ఆర్15 వేస్తే ఎత్తు 733 దాటుతుంది, దాదాపు 10 శాతం ఎక్కువ. 31 అంగుళాల టైరు వేస్తే 787 మిల్లీమీటర్లు, 18 శాతం ఎక్కువ. టైరు పెద్దదైన కొద్దీ అన్ని గేర్లూ ఒక్కసారిగా పైకి జరిగినట్టవుతుంది. 31 అంగుళాల టైరుతో నేల మీద తోపుడు బలం 15 శాతం తగ్గుతుంది. 103 న్యూటన్ మీటర్ల ఇంజిన్ 87 ఇచ్చే ఇంజిన్ లాగా ప్రవర్తిస్తుంది. దానికితోడు టైరు బరువు, ముందు ఇనుప బంపరు, కూరుకుపోతే తాడుతో లాగే విన్చి, పైన క్యారియరు, దాని మీద జెర్రీ క్యాన్లు. ఇన్ని ఎక్కించాక బండి పుల్లింగ్ తగ్గిందని ఇంజిన్‌ని తిట్టడం న్యాయం కాదు.

ఇక్కడే బెలెనో లెక్క మళ్లీ చూడాలి. 130 న్యూటన్ మీటర్ల ఇంజిన్ ఎక్కించి, దాంతోపాటు 31 అంగుళాల టైర్లూ వేయిస్తే, నేల మీద మిగిలేది మామూలు టైర్ల మీద 110 ఇచ్చే ఇంజిన్‌తో సమానం. కంపెనీ నుంచి వచ్చినప్పటి బండితో పోలిస్తే లాభం 7 శాతం. ఇంజిను, మౌంట్లు, వైరింగు, లేత్ పని, నెలల తరబడి షెడ్డులో నిలిచిన బండి, ఇదంతా ఆ 7 శాతం కోసం. కొండను తవ్వి ఎలుకను పట్టిన సామెత ఇలాంటి లెక్కలకే పుట్టి ఉంటుంది.

టైరు విషయంలో కొత్తవాడికి అన్నిటికన్నా ఎక్కువ పనికొచ్చేది గాలి తీయడం. రోడ్డు మీద 28, 30 పీఎస్ఐ ఉండే గాలిని ఇసుకలోకో రాళ్లలోకో దిగే ముందు 16, 18కి దించితే టైరు నేల మీద పొడుగ్గా పరుచుకుంటుంది. బాపట్ల వైపు సముద్రపు ఇసుకలో 30 పీఎస్ఐ టైరుతో దిగిన బండి పది గజాల్లో ఇరుసుల దాకా కూరుకుపోతే, అదే బండి గాలి తీశాక మామూలుగా బయటికి రావడం ఆశ్చర్యం కలిగించే దృశ్యం. నల్లరేగడి వేరే కథ. తడిసిన రేగడి టైరు గాళ్లలో జిగురులా నిండిపోయి, ఎంత మంచి టైరునైనా నున్నటి టైరుగా మార్చేస్తుంది. ఆ బురద ఇంజిన్ బలాన్ని లెక్కచేయదు. అక్కడ ట్రాక్టరు దారి వదిలి పక్కన గడ్డి మీద పోవడమే తెలివి. ఇంటికి వెళ్లేముందు గాలి నింపుకోవడానికి ఒక చిన్న కంప్రెసరు మాత్రం కావాలి. తక్కువ గాలితో తారు రోడ్డెక్కి వేగంగా పోతే టైరు వేడెక్కి పేలుతుంది.

ముందు రోగం పట్టుకోవాలి

రోడ్డు మీద ఇప్పుడున్న గిప్సీలన్నీ పాతవే. ప్రైవేటు కొనుగోలుదారులకు వీటి అమ్మకం 2019 నాటికే ఆగిపోయింది. కొన్ని ఆర్మీ వేలంలోంచి వచ్చినవి, కొన్ని నలుగురైదుగురు చేతులు మారినవి. 80 హార్స్‌పవర్ అని పుస్తకంలో రాసి ఉన్నంత మాత్రాన ఆ ఇంజిన్ ఇప్పుడూ 80 ఇస్తున్నట్టు కాదు. అందుకే కొత్త ఇంజిన్ వెతికే ముందు పాతదాని ఆరోగ్యం చూడాలి. ఒక పూట పని.

కంప్రెషన్ గేజి పెట్టి నాలుగు సిలిండర్లూ కొలిస్తే సగం సంగతి తేలిపోతుంది. నాలుగూ తగ్గి, ప్లగ్గు రంధ్రంలోంచి కాస్త ఆయిల్ పోశాక అంకె పెరిగితే రింగులు అరిగాయి, మెకానిక్కులు "బోరుకొచ్చింది" అనేది దీన్నే. ఆయిల్ పోసినా పెరగకపోతే వాల్వుల వైపు చూడాలి. నాలుగూ బాగుంటే ఇంజిన్ మార్చాల్సిన అవసరం లేదని అక్కడే ఒక మాట అనుకోవచ్చు.

క్లచ్ జారుతుంటే యాక్సిలరేటర్ నొక్కగానే ఇంజిన్ మోత పెరుగుతుంది, బండి వేగం పెరగదు. దీన్ని కూడా పుల్లింగ్ లేదనే అంటారు. పదిహేను కిలోమీటర్లు నడిపి ఆపి నాలుగు చక్రాల దగ్గరా చెయ్యి దగ్గరగా పెట్టి చూస్తే, ఒకటి మిగతావాటికన్నా సెగలు కక్కుతుంటే అక్కడ బ్రేకు పట్టేసి ఉంది. బురదలో తిరిగి శుభ్రం చేయని బళ్లలో ఇది మామూలు. కార్బురేటర్ బళ్లలో రెండో గొంతు తెరుచుకోకపోవడం, టైమింగ్ సరిగా లేకపోవడం, ఎంపీఎఫ్ఐ బళ్లలో ఫ్యూయల్ పంపు నీరసించడం, ఫిల్టరు మూసుకుపోవడం, ఒక సెన్సరు తప్పు చెప్పడం, ఇవన్నీ బండిని పది ఇరవై శాతం చంపేస్తాయి. టైమింగ్ బెల్టు ఒక పన్ను జారినా అంతే. వీటిని సరిచేయడానికి అయ్యే ఖర్చు ఇంజిన్ మార్పిడి ఖర్చులో చిన్న ముక్క. సగం సందర్భాల్లో "ఇంజిన్ అప్‌గ్రేడ్" చేయించుకున్నవాళ్లు అనుభవించే సుఖం పెద్ద ఇంజిన్‌ది కాదనీ, ఆరోగ్యంగా ఉన్న ఇంజిన్‌దనీ అనుమానించాల్సి వస్తుంది. పాతదాన్నే బాగు చేయించి ఉంటే ఆ సుఖం దాంతోనే దొరికేది.

ఎక్కించాక మొదలయ్యే పని

ఇల్లలకగానే పండగ కాదన్నట్టు, ఇంజిన్ లోపల కూర్చోగానే పని అయిపోదు. బెలెనో ఇంజిన్ గిప్సీ ఇంజిన్ కుటుంబానిదే కాబట్టి తేలిక అంటారు, కొంతవరకు నిజం. కానీ కారులో అది అడ్డంగా కూర్చునేది, గిప్సీలో నిలువుగా కూర్చోవాలి. దాంతో ఆయిల్ సంపు, మ్యానిఫోల్డు, మౌంట్లు, రేడియేటరు గొట్టాలు, సైలెన్సరు దారి అన్నీ మళ్లీ ఆలోచించాలి. వైరింగ్ చేసేవాడు కంప్యూటరూ సెన్సర్లూ తెలిసినవాడు కాకపోతే ఆరు నెలల తర్వాత వానలో ఆగిన బండి దగ్గర నిలబడి ఏ తీగ ఎక్కడికి పోతోందో ఎవరికీ తెలియని పరిస్థితి వస్తుంది. కంపెనీ వైరింగుకు బొమ్మ ఉంటుంది. షెడ్డు వైరింగుకు బొమ్మ ఆ మెకానిక్ బుర్రలో మాత్రమే ఉంటుంది, అతను ఊళ్లో లేకపోతే అంతే సంగతులు.

డీజిల్ సంగతి ఇంకా కష్టం. స్విఫ్ట్‌లో వచ్చిన 1.3 డీజిల్ ఇంజిన్ 190 న్యూటన్ మీటర్లు ఇస్తుంది, గిప్సీ గేర్‌బాక్సు పుట్టిన నాటి నుంచి చూసినదానికి దాదాపు రెట్టింపు. ఫోర్ ఎల్‌లో 31తో గుణిస్తే యాక్సిళ్ల మీద పడే భారం ఎంతో ఊహించుకోవచ్చు. గేర్‌బాక్సు పోతే గేర్‌బాక్సు మారుస్తారు, తర్వాత క్రౌన్ పినియన్, తర్వాత యాక్సిళ్లు. గొలుసులో ఒక లంకెను లావు చేస్తే పక్క లంకె తెగుతుంది. ముక్కు బరువు పెరిగి ముందు పట్టీలు కుంగుతాయి. కొండ మీద నెమ్మదిగా పోతున్నప్పుడు ఎదురుగాలి ఉండదు కాబట్టి రేడియేటరుకు ఫ్యానొక్కటే దిక్కు, పాత రేడియేటరు కొత్త వేడిని మోయలేదు.

వేగం పెరిగిన బండికి బ్రేకులూ, రోడ్డు మీద నిలకడా పెరగవు. ఎత్తుగా, సన్నగా, పట్టీల మీద నిలబడ్డ బండి ఇది. అమెరికాలో 1988లో ఒక వినియోగదారుల పత్రిక సామురాయ్‌ని తేలిగ్గా తిరగబడే బండిగా ప్రకటించడం, సుజుకి దాని మీద కోర్టుకెళ్లడం, 2004లో రాజీతో ఆ గొడవ ముగియడం చాలా పెద్ద కథ. ఆ పరీక్ష న్యాయమైనదా కాదా అన్నది వేరే చర్చ. గిప్సీ వెడల్పును మారుతి 1993లో పెంచింది కూడా. అయినా గంటకు 80 దగ్గర హాయిగా పోయే బండిని 120 దగ్గర అర్ధాంతరంగా పక్కకు తిప్పాల్సి వస్తే ఏమవుతుందన్నది, ఇంజిన్ మార్చేవాడు ముందు ఆలోచించాల్సిన విషయం. గిప్సీలో ఎయిర్‌బ్యాగులు లేవు.

ఇక కాగితాలు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదు. సీఎన్‌జీ, బ్యాటరీ లాంటి ఇంధన మార్పులకు ఆమోదం పొందిన కిట్లతో వెసులుబాటు ఉంది, వేరే కారు ఇంజిన్ ఎక్కించడానికి అది వర్తించదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కేరళ నుంచి వచ్చిన ఒక కేసులో ఇదే అర్థాన్ని గట్టిగా చెప్పింది. ఆ ఏడాదే చేసిన సవరణతో 182ఎ సెక్షన్ కింద అనుమతి లేని మార్పు చేసిన యజమానికి ఆరు నెలల వరకు జైలో, ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానానో, రెండూనో పడొచ్చు. రోడ్డు మీద ఎవరూ బానెట్ ఎత్తి చూడరని చాలామంది ధైర్యం. కానీ గిప్సీల్లో చాలావరకు పదిహేనేళ్లు దాటినవో దాటబోతున్నవో. రిజిస్ట్రేషన్ పొడిగించుకోవడానికి బండిని బ్రేక్ ఇన్‌స్పెక్టర్ ముందు నిలబెట్టినప్పుడు ఇంజిన్ నంబరు, ఛాసిస్ నంబరు ఆర్సీతో పోల్చి చూస్తారు. యాక్సిడెంట్ జరిగితే ఇన్సూరెన్స్ సర్వేయరు కూడా అదే చేస్తాడు, చెప్పకుండా మార్చిన ఇంజిన్ క్లెయిమ్ తిరస్కరించడానికి మంచి కారణం అవుతుంది.

గోవా అడవుల్లో జరిగే రెయిన్‌ఫారెస్ట్ ఛాలెంజ్ లాంటి పోటీల్లో రాక్షసుల్లా తయారైన గిప్సీలు చూసి చాలామందికి మోజు పుడుతుంది. ఆ స్థాయి బండిని సాధారణంగా పోటీ దగ్గరికి లారీ మీద తెస్తారు. యాక్సిళ్లు, రెండు చక్రాలూ కలిసి తిరిగేలా డిఫరెన్షియల్‌ని బిగించే లాకర్లు, రోల్ కేజి, రేడియేటరు, వెనక స్పేర్ పార్టుల పెట్టె, ఇవన్నీ కలిసిన లెక్కలో ఇంజిన్ ఒక భాగం. ఆఫీసుకూ అడవికీ ఒకే బండి వాడాలనుకునేవాడికి దాన్ని చూసి వాతలు పెట్టుకోవడం పనికిరాదు.

ఎవరికి అవసరం

అవసరం ఉన్నవాళ్లు లేకపోలేదు. వారంవారం నాలుగు వందల కిలోమీటర్లు హైవే మీద నిండు బండితో తిరగాలంటే 45 లేదా 60 హార్స్‌పవర్ కార్బురేటర్ గిప్సీ నిజంగానే చాలదు. కాకపోతే అలాంటివాళ్లకి ఎంపీఎఫ్ఐ గిప్సీయో జిమ్నీయో కొనడం ఇంజిన్ మార్చడం కన్నా మేలు, కాగితాలూ సరిగ్గా ఉంటాయి. లద్దాఖ్ లాంటి ఎత్తుల్లో టర్బో లేని ఇంజిన్ ప్రతి వెయ్యి మీటర్లకీ సుమారు పదో వంతు బలం కోల్పోతుంది, 5,000 మీటర్ల కనుమ మీద 80 హార్స్‌పవర్ సగానికి దగ్గరవుతుంది. అయినా సైన్యం అక్కడ దశాబ్దాల పాటు మామూలు పెట్రోలు గిప్సీలనే నడిపింది, లో రేంజ్ ఉంది కాబట్టి.

మెకానిక్ పని నేర్చుకోవాలని, చేతులకు గ్రీజు అంటించుకోవాలని ఉన్నవాళ్ల సంగతి వేరు. వాళ్లకి బండి ఎక్కడికి వెళ్తుందన్నది ముఖ్యం కాదు, లోపల ఏముందన్నదే ఆసక్తి. వాళ్లు కూడా మొదట ఉన్న ఇంజిన్నే విప్పి, రింగులు, బేరింగులు, వాల్వు సీళ్లు మార్చి బిగించడంతో మొదలుపెడితే, తప్పు చేసినా సరిదిద్దుకోవడానికి సర్వీసు పుస్తకం తోడుంటుంది.

ఉన్న ఇంజిన్ చచ్చిపోతే? బ్లాకు పగిలి, బోరు చేయించే దశ కూడా దాటిపోతే మార్చక తప్పదు. అప్పుడు అదే మోడల్‌కి వచ్చిన అదే రకం ఇంజిన్ వెతకాలి. బిల్లు, ఆ ఇంజిన్ ఏ బండిలోంచి వచ్చిందో చూపే కాగితాలు ఉంచుకుని, బిగించే ముందే ఆర్టీవో ఆఫీసులో అనుమతి అడిగి, తర్వాత ఆర్సీలో కొత్త నంబరు ఎక్కించుకోవాలి. కొనే ముందు బ్లాకు మీది నంబరు గోకేసి ఉందేమో టార్చి వేసి చూడటం మరిచిపోకూడదు. గోకిన నంబరున్న ఇంజిన్ ఎంత చౌకగా ఇచ్చినా అక్కడే వదిలేసి రావాలి.